తోట నుంచి దుబాయ్ విమానం దాకా: నెల్లూరు, ప్రకాశం వాళ్లకు నిమ్మకాయల ఎయిర్ కార్గో గైడు

పొదలకూరు నుంచి, కందుకూరు నుంచి, కనిగిరి నుంచి ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. "దుబాయ్‌లో కొనే పార్టీ దొరికింది. టన్ను నిమ్మకాయలు విమానంలో పంపమంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?" ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం వరసగా ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణ నిమ్మదే. మునక్కాయ, పచ్చిమిర్చి పంపినా వరస పెద్దగా మారదు.

ఒక్క మాట ముందే. చెన్నై నుంచి దుబాయ్‌కి విమానం గాల్లో ఉండేది సుమారు నాలుగు గంటలు. చెట్టు నుంచి అక్కడి షాపు దాకా మాత్రం దగ్గర దగ్గర రెండు రోజులు. కాయ చెడేది ఆ నాలుగు గంటల్లో కాదు. తోట గట్టు మీద, ప్యాకింగ్ షెడ్డులో, లారీలో, విమానాశ్రయం కార్గో టెర్మినల్ గుమ్మం దగ్గర, అంటే సరుకు చేతులు మారే చోట ఆగినప్పుడు చెడుతుంది. అందుకే ఇక్కడ విమానం గురించి తక్కువ, ఆగే చోట్ల గురించి ఎక్కువ ఉంటుంది.

1. అసలు ఇది విమానంలో పంపే సరుకేనా?

కాగితం మీద ఈ లెక్క వెయ్యండి: కాయ కొన్న ధర, కోత కూలి, ప్యాకింగ్, చెన్నై దాకా బండి బాడుగ, ఫ్రైట్ (విమానం బాడుగ), టెర్మినల్ ఖర్చులు. నూటికి అయిదు కాయలు చెడతాయని ముందే తీసెయ్యండి. అప్పటికీ ఏమన్నా మిగిలితేనే ముందుకెళ్లండి.

మండు వేసవిలో ఢిల్లీ మార్కెట్‌లోనే కాయకు మంచి రేటు వస్తుంది. అప్పుడు ఎగుమతి మోజులో పడొద్దు. ఇక్కడ రేటు పడిపోయిన నెలల్లోనే విమానం ఫ్రైట్ కిట్టుబాటు అవుతుంది.

నిమ్మకాయ 8 నుంచి 10 డిగ్రీల చల్లదనంలో కొన్ని వారాలు నిలుస్తుంది. కాబట్టి 20 టన్నులు పంపే స్తోమత ఉంటే ఓడలో రీఫర్ (లోపల చల్లగా ఉంచే) కంటైనరే చవక. ఒకటి నుంచి మూడు టన్నుల ఆర్డరు, అర్జెంటు, మొదటి ట్రయల్ అయితే విమానం. ఫ్రోజెన్ రొయ్యలు, చీమకుర్తి గ్రానైట్, పొగాకు ఓడ సరుకులే. వాటి శాంపిళ్లు మాత్రం విమానంలో వెళ్తాయి.

2. ఒకసారి చేసుకుంటే సరిపోయే కాగితాలు

ఆర్డరు వచ్చాక వీటి కోసం పరిగెత్తితే కాయ చెట్టు మీదే పండిపోతుంది. ముందే పూర్తి చేసుకోండి.

- ఐఈసీ (ఎగుమతి–దిగుమతి కోడ్): కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్లో 500 రూపాయల ఫీజు. వివరాలు మారకపోయినా ఏటా ఏప్రిల్–జూన్ మధ్య అప్‌డేట్ చెయ్యాలి. లేకపోతే కోడ్ ఆగిపోతుంది.
- అపెడా (వ్యవసాయ ఎగుమతుల సంస్థ) రిజిస్ట్రేషన్: పండ్లు, కూరగాయలకు ఇదే. రొయ్యలు, పీతలైతే ఎంపెడా.
- బ్యాంకు ఏడీ కోడ్ (ఎగుమతి డబ్బు వచ్చే మీ బ్యాంకు శాఖ కోడ్): కస్టమ్స్ వెబ్‌సైట్ ఐస్‌గేట్‌లో నమోదు చేయించాలి.
- జీఎస్టీ నంబరు ఉంటే ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేసేందుకు ఇచ్చే హామీ పత్రం): ఏ ఆర్థిక సంవత్సరానికి ఆ సంవత్సరం కొత్తగా వెయ్యాలి.
- కస్టమ్స్ బ్రోకరుకు (మీ తరఫున కస్టమ్స్ పని చూసే ఏజెంటుకు) ఇచ్చే ఆథరైజేషన్ లెటర్, కేవైసీ.

ఏడీ కోడ్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. అది పోర్టుకు విడిగా నమోదవుతుంది. చెన్నై ఓడరేవు కోడ్ ఐఎన్‌ఎంఏఏ1, చెన్నై ఎయిర్ కార్గో కోడ్ ఐఎన్‌ఎంఏఏ4. ఓడరేవుకు నమోదు చేసుకుని విమానాశ్రయానికి సరుకు తీసుకెళ్తే షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం) కదలదు. హైదరాబాద్ నుంచి కూడా పంపే ఆలోచన ఉంటే ఐఎన్‌హెచ్‌వైడీ4కి కూడా ఇప్పుడే నమోదు చేయించేయండి.

3. పార్టీతో బేరం: రెండు విషయాలు రాతలో ఉండాలి

మొదటిది ఇన్‌కోటర్మ్, అంటే ఖర్చు, రిస్కు ఎక్కడిదాకా ఎవరివో చెప్పే అంతర్జాతీయ షరతు. అలవాటుగా అందరూ "ఎఫ్‌ఓబీ చెన్నై" అని రాసేస్తారు. ఎఫ్‌ఓబీ, సీఐఎఫ్ ఓడ సరుకు కోసం పెట్టిన షరతులు. ఇన్‌కోటర్మ్స్ 2020 ప్రకారం విమానానికి ఎఫ్‌సీఏ, సీపీటీ, సీఐపీ (సీపీటీకి ఇన్సూరెన్స్ కలిపితే) వాడాలి. ఎఫ్‌సీఏ అంటే చెన్నైలో ఒప్పుకున్న చోట సరుకు అప్పగించడంతో మీ బాధ్యత అయిపోతుంది, ఫ్రైట్ కొనేవాళ్లది. సీపీటీ అంటే దుబాయ్ దాకా ఫ్రైట్ మీరు కడతారు. కానీ దారిలో పాడయ్యే రిస్కు మాత్రం చెన్నైలో అప్పగించినప్పుడే వాళ్లకు మారిపోతుంది. షిప్పింగ్ బిల్లులో ఎఫ్‌ఓబీ విలువ అడుగుతారు, అది కస్టమ్స్ లెక్క కోసం. పార్టీతో ఒప్పందానికీ దానికీ సంబంధం లేదు.

రెండోది డబ్బు. ఇక్కడ నిదానంగా చదవండి. ఓడ సరుకుకు ఒరిజినల్ బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు పత్రం) మీ చేతిలో ఉన్నంతసేపు సరుకు మీ చేతిలో ఉన్నట్టే. ఎయిర్ వే బిల్ అలాంటిది కాదు. అది సరుకు అందినట్టు రసీదు, రవాణా ఒప్పందం, అంతే. అందులో కన్సైనీగా (సరుకు అందుకునేవాళ్లుగా) ఎవరి పేరుంటే వాళ్లు ఒరిజినల్ చూపించకుండానే సరుకు విడిపించుకుంటారు. కాగితాలు బ్యాంకులో ఉన్నాయి కదా అని మీరు ధీమాగా కూర్చుంటే, కాయలు అప్పటికే అక్కడి షాపుల్లో అమ్ముడైపోయి ఉంటాయి.

కొత్త పార్టీ అయితే సగం పైన అడ్వాన్సు, మిగతాది విమానం ఎక్కే ముందు. ఒప్పుకోకపోతే అక్కడి బ్యాంకు ముందుగా అంగీకరిస్తే కన్సైనీగా బ్యాంకు పేరు పెట్టి, పార్టీ పేరు నోటిఫైలో (సరుకు వచ్చిందని కబురు వెళ్లే గడిలో) రాయించండి. రెండింటికీ కుదరదంటే ఆ ఆర్డరు వదిలెయ్యండి. పచ్చి సరుకు విషయంలో మొహమాటం పనికిరాదు.

4. ఫ్రైట్ కోట్ అడిగే పద్ధతి, లెక్క

ఎయిర్‌లైన్ అసలు బరువునూ, సైజును బట్టి వచ్చే బరువునూ పోల్చి, ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటుంది. సైజు బరువు ఇలా: పొడవు × వెడల్పు × ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగించాలి. కొరియర్ కంపెనీలు 5000తో భాగిస్తాయి, కాబట్టి వాళ్ల లెక్కలో బరువు ఇంకా పెరుగుతుంది.

40 × 30 × 22 పెట్టె తీసుకోండి. 26,400 బై 6000, అంటే 4.4 కిలోలు. అందులో 10 కిలోల కాయ పడుతుంది, పెట్టెతో కలిపి 10.6 అనుకుందాం. వంద పెట్టెలకు సైజు బరువు 440, అసలు బరువు 1,060. బిల్లు 1,060 కిలోలకే.

ఇక్కడే మీకు బేరం ఆడే సందు ఉంది. నిమ్మ చిన్న జాగాలో ఎక్కువ బరువు తూగే సరుకు. ఫార్వర్డర్లు (ఎయిర్‌లైన్లలో చోటు బుక్ చేసే ఏజెంట్లు) ఇలాంటి బరువైన సరుకునూ, ఆకుకూరల్లాంటి తేలిక సరుకునూ ఒకే ప్యాలెట్ (సరుకు పేర్చే పలక) మీద కలిపితే వాళ్లకు లాభం. కాబట్టి కోట్ అడిగేటప్పుడే "డెన్స్ కార్గో, టన్ను, వారానికి ఇన్ని సార్లు" అని చెప్పండి. ఊరికే "దుబాయ్‌కి రేటెంత" అని అడిగితే ఊరికే చెప్పే రేటే వస్తుంది.

రేట్లు 45, 100, 300, 500, 1000 కిలోల మెట్లుగా తగ్గుతాయి. ఉదాహరణకు 45 పైన కిలో 120, 100 పైన కిలో 100 అనుకుంటే, 90 కిలోలకు 10,800 అవుతుంది. దాన్నే 100 కిలోలుగా రాయిస్తే 10,000. మెట్టుకు దగ్గరలో ఉంటే ఇలా రాయమని మీరే అడగాలి.

కోట్‌లో ఇవి విడివిడిగా రాయించుకోండి:

- కిలో రేటు, అది ఏ మెట్టుది, ఎప్పటిదాకా చెల్లుతుంది
- ఫ్యూయల్, సెక్యూరిటీ సర్‌ఛార్జీలు ఏ బరువు మీద
- ఏడబ్ల్యూబీ (ఎయిర్ వే బిల్) ఫీజు, టెర్మినల్ ఛార్జీ, ఎక్స్‌రే, బ్రోకరు ఫీజు
- జీఎస్టీ కలిపా, విడిగానా
- డైరెక్ట్ ఫ్లైటా, మారేదా. మారితే అక్కడ ఎన్ని గంటలు, చల్లటి గదిలోనా బయటా
- ఆఫ్‌లోడ్ అయితే, అంటే సరుకును ఆ ఫ్లైట్ ఎక్కించకుండా దించేస్తే, తర్వాతి ఫ్లైట్ ఎప్పుడు

5. కోత, ప్యాకింగ్

దోటితో లాగి రాలగొట్టిన కాయ ఎగుమతికి పనికిరాదు. ఢిల్లీ బస్తాలో కలిసిపోతుందేమో గానీ, పెట్టెలో దెబ్బ తిన్న ఒక్క కాయకు బూజు పడితే చుట్టూ ఉన్నవన్నీ పోతాయి. చేత్తో కొయ్యాలి, తొడిమ మొదలును కాయకే ఉంచి మిగతా పుల్లను క్లిప్పరుతో కత్తిరించాలి. పొడుగ్గా మిగిలిన పుల్ల పక్క కాయకు గుచ్చుకుంటుంది.

మంచు ఆరాకే కోత. వాన పడిన మర్నాడు అయితే ఇంకా ఆలస్యంగా. నీరు పట్టి బిగిసిన కాయను కొంచెం గట్టిగా నొక్కినా తొక్కలోని నూనె చిట్లుతుంది. అప్పటికప్పుడు ఏమీ కనపడదు. రెండో రోజుకి తొక్క మీద గోధుమ రంగు మచ్చలు తేలతాయి, అప్పటికి కాయ దుబాయ్‌లో ఉంటుంది. "ప్యాక్ చేసేటప్పుడు బాగానే ఉందండీ" అని మనం అంటాం, వాళ్లు ఫొటోలు పంపుతారు.

కడిగిన కాయ పూర్తిగా ఆరాకే పెట్టెలోకి. పార్టీ అడిగిన మిల్లీమీటర్ల సైజుకు గ్రేడింగ్. మైనం పూయడం పార్టీ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే.

పెట్టె అయిదు పొరల అట్టది తీసుకోండి. మూల దగ్గర బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి, లోపలికి పోతే ఆ లాట్ వద్దు. గాలి రంధ్రాలు ఒక పెట్టెకూ దాని పైపెట్టెకూ ఒకే గీతలో రావాలి. పేర్చేటప్పుడు ఇటుకల గోడ కట్టినట్టు అడ్డదిడ్డంగా కాకుండా, మూల మీద మూల వచ్చేలా నిలువుగా పేర్చండి. పెట్టె బరువు మోసేది మూలలే.

చెక్క ప్యాలెట్ వాడితే ఐఎస్‌పీఎం 15 (చెక్కలో పురుగులు లేకుండా చేసే అంతర్జాతీయ ప్రమాణం) ముద్ర, హెచ్‌టీ (వేడితో శుద్ధి చేశారన్న) గుర్తు ఉండాల్సిందే. ముద్ర లేని ప్యాలెట్ వల్ల సరుకు మొత్తం అవతల ఆగిపోతుంది. ప్లాస్టిక్‌దో, అట్టదో వాడితే ఆ గొడవే లేదు.

పెట్టె మీద ఉండాల్సినవి:

- సరుకు పేరు, నికర బరువు, లాట్ నంబరు, ప్యాక్ చేసిన తేదీ
- ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా
- పెరిషబుల్ లేబుల్, ఉంచాల్సిన ఉష్ణోగ్రత
- ఎయిర్ వే బిల్ నంబరు, మొత్తం పెట్టెల్లో ఇది ఎన్నోది

ఎయిర్ వే బిల్ నంబరు రాసేటప్పుడు ఒక చిట్కా. ఎయిర్‌లైన్ 3 అంకెల కోడ్ తర్వాత 8 అంకెలుంటాయి. వాటిలో మొదటి 7 అంకెలను 7తో భాగిస్తే మిగిలే శేషమే ఎనిమిదోది. 1234567కి శేషం 5, కాబట్టి నంబరు 12345675. కుదరలేదంటే ఎక్కడో అంకె తప్పు పడింది. లేబుళ్లు ప్రింట్ చేసే ముందే చూసుకోండి.

6. గడియారాన్ని వెనక్కి తిప్పి ప్లాన్ వెయ్యండి

కోత నుంచి ముందుకు లెక్కేసుకునే వాళ్లే ఫ్లైట్ మిస్ అవుతారు. ఫ్లైట్ నుంచి వెనక్కి రావాలి. తెల్లవారుజామున 4 గంటల ఫ్లైట్ అనుకుంటే నేను వేసే వరస ఇది. కటాఫ్ (సరుకు తీసుకునే ఆఖరి సమయం) ఒక్కో ఎయిర్‌లైన్‌ది ఒక్కోలా ఉంటుంది, బుకింగ్ రోజే అడిగి సర్దుకోండి.

- ముందు రాత్రి 10: ఎయిర్‌లైన్‌కు సరుకు అప్పగింత పూర్తి
- రాత్రి 8: కస్టమ్స్ లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ (ఎగుమతికి అనుమతి) చేతికి
- సాయంత్రం 4: లారీ మీనంబాక్కం (చెన్నై విమానాశ్రయం) చేరాలి
- ఉదయం 9: పొదలకూరులో లారీ కదలాలి
- అంతకు ముందు రాత్రంతా: పెట్టెలు కోల్డ్ రూములో, 10 డిగ్రీలకు దిగేదాకా
- అంతకు ముందు సాయంత్రం 5: ప్యాకింగ్ పూర్తి
- ఆ రోజు ఉదయం మంచు ఆరాక: కోత

మొక్కల ఆరోగ్యానికి ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్‌కు కోత కంటే ముందే ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టాలి. అధికారి ఎక్కడ, ఎన్ని గంటలకు చూస్తారో తేల్చుకోకుండా లారీ కదపొద్దు. ఆదివారం, పండగ తగిలితే ఈ ఒక్క కాగితం దగ్గరే బండి నిలబడిపోతుంది.

షిప్పింగ్ బిల్లు చెక్‌లిస్ట్ బ్రోకరు వాట్సాప్‌లో పంపుతారు. "ఓకే" అని కొట్టే ముందు నాలుగు చూడండి: హెచ్‌ఎస్ కోడ్ (సరుకు రకాన్ని చెప్పే నంబరు) 08055000, పెట్టెల సంఖ్య, స్థూల బరువు, కన్సైనీ పేరు. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, ఫైటో, ఎయిర్ వే బిల్ అన్నింట్లోనూ ఇవి అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉండాలి. 2022 మే 1 నుంచి అమల్లో ఉన్న భారత్–యూఏఈ వాణిజ్య ఒప్పందం కింద సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ (సరుకు ఇండియాదేనన్న పత్రం) పార్టీ అడిగితే, అది కూడా ఈ పూటే.

7. రోడ్డు

రీఫర్ బండి కాయను చల్లబరచదు, ఉన్న చల్లదనాన్ని కాపాడుతుంది, అంతే. వేడి కాయ ఎక్కించి 10 డిగ్రీలు పెట్టమంటే కంప్రెసరు అరుస్తుంది తప్ప లాభం లేదు. అలాగని 5 డిగ్రీలకు దించినా ప్రమాదమే. చలి దెబ్బకు తొక్క మీద గుంటలు పడతాయి.

ఖాళీ బండిని లోడింగ్‌కు ముందే చల్లబరచమనండి. క్రితం ట్రిప్పులో చేపలు మోసిన బండి అయితే వెనక్కి పంపించెయ్యండి. నెల్లూరులో ఈ మాట గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ దొరికే రీఫర్ బండ్లలో చాలావరకు రొయ్యలవే.

సూళ్లూరుపేట, తడ దాటేదాకా టెన్షన్ లేదు. చెన్నై ఊళ్లోకి మాత్రం దూరకండి. లారీలకు ఊళ్లో టైం ఆంక్షలుంటాయి. విమానాశ్రయం ఊరికి దక్షిణాన ఉంది, మనం వచ్చేది ఉత్తరం నుంచి. వండలూరు వెళ్లే ఔటర్ రింగ్ రోడ్డు గానీ, మధురవాయల్ బైపాస్ గానీ ఎక్కమని డ్రైవరుకు ముందే చెప్పండి. తాజా పండ్లకు ఈ-వే బిల్లు అక్కర్లేదు. అయినా ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, బ్రోకరు ఫోన్ నంబరు డ్రైవరు జేబులో ఉండాలి.

మధ్య పెట్టెలో ఒక యూఎస్‌బీ టెంపరేచర్ లాగర్ (ఉష్ణోగ్రతను గంటగంటకూ నమోదు చేసే చిన్న పరికరం) పెట్టండి. అందులో బ్యాటరీ ఉంటుంది కాబట్టి ఎయిర్‌లైన్‌కు ముందే చెప్పి అనుమతి తీసుకోండి.

8. టెర్మినల్ దగ్గర

ఇక్కడ మీ మనిషి ఒకరు ఉండాలి. బ్రోకరు ఉన్నాడు కదా అనుకోవద్దు. బ్రోకరుకు ఆ రాత్రి పది పార్టీల సరుకు ఉంటుంది.

చెన్నై గాలిలో తేమ ఎక్కువ. చల్లటి పెట్టెను బయట పెట్టిన కాసేపటికే అట్ట మీద చెమట పడుతుంది, తడిసిన అట్ట మెత్తబడి కింది వరస కుంగుతుంది. అందుకని ఎక్స్‌రే, కస్టమ్స్ తనిఖీ వరస దగ్గరికొచ్చాకే బండి తలుపు తియ్యాలి. దించిన వెంటనే థర్మల్ కవర్ కప్పాలి. టెర్మినల్‌లో చల్లటి గదికి స్లాట్ బుకింగ్‌తో పాటే అడగండి.

కాటా దగ్గర వచ్చిన బరువు, కాగితం మీది బరువు పోల్చుకోండి. తేడా ఉంటే అక్కడికక్కడే ఎయిర్ వే బిల్ సరిచేయించాలి.

9. నేరుగా ఫ్లైట్‌లో చోటు దొరక్కపోతే

రోడ్డు, విమానం, ఓడ కలిపి వాడే దారులు మూడున్నాయి.

బాండెడ్ ట్రక్: చెన్నైలో కస్టమ్స్ పూర్తయ్యాక, ఎయిర్‌లైన్ సీలు వేసిన లారీలో బెంగళూరో హైదరాబాదో తీసుకెళ్లి అక్కడ విమానం ఎక్కిస్తుంది. ఆ లారీకి కూడా ఫ్లైట్ నంబరు ఉంటుంది. బుకింగ్ కాగితంలో తెలియని నంబరు కనపడితే అది లారీయా విమానమా అని అడగండి. లారీ అయితే రీఫరేనా అన్నది రెండో ప్రశ్న.

నేరుగా హైదరాబాద్: ఒంగోలు, అద్దంకి, దర్శి వైపు వాళ్లకు అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీదుగా శంషాబాద్ పెద్ద దూరం కాదు. చెన్నై రేటుతో పాటు ఆ రేటు కూడా ప్రతిసారీ అడగండి.

సీ–ఎయిర్: యూరప్ ఆర్డర్లకు పనికొస్తుంది. చెన్నై లేదా దాని దగ్గర్లోని కాట్టుపల్లి రేవు నుంచి ఓడలో దుబాయ్ దాకా, అక్కణ్నుంచి విమానం. పూర్తి విమానం కంటే చవక, పూర్తి ఓడ కంటే వేగం. పచ్చి సరుకుకు నేను సలహా ఇవ్వను, దుబాయ్ ఓడరేవు జెబెల్ అలీలో మార్చే చోట గంటలు మన చేతిలో ఉండవు. ఉదయగిరి చెక్క సామాను లాంటి వాటికి బాగుంటుంది.

10. తరచూ జరిగే తప్పులు, సర్దుబాటు

ఆఫ్‌లోడ్ అయింది: ప్రయాణికుల విమానంలో లగేజీ ఎక్కువైతే ముందు దిగేది కార్గోనే. వెంటనే చల్లటి గదిలోకి మార్పించండి, తర్వాతి ఫ్లైట్ కన్ఫర్మేషన్ రాతలో తీసుకోండి.

వందలో డెబ్బై పెట్టెలే ఎక్కాయి: మిగతా ముప్ఫై తర్వాతి ఫ్లైట్‌లో వెళ్తాయా, లేదా అన్నది అదే పూట తేల్చుకోండి. వెళ్లకపోతే బ్రోకరు ద్వారా కస్టమ్స్‌లో షార్ట్ షిప్‌మెంట్ నమోదు చేయించాలి. వదిలేస్తే బ్యాంకు లెక్కకు, షిప్పింగ్ బిల్లుకు పొంతన కుదరక తర్వాత తలనొప్పి.

సరుకు వెనక్కి తేవాలి: లోపలికి వెళ్లిన సరుకును ఊరికే బండెక్కించి తెచ్చుకోలేరు. బ్యాక్ టు టౌన్ అనుమతి తీసుకోవాలి. ఆ ఖర్చు, కాయ పరిస్థితి చూసుకుని తేల్చుకోండి.

రొయ్యల శాంపిల్‌లో డ్రై ఐస్ పెట్టి చెప్పలేదు: డ్రై ఐస్ ప్రమాదకర సరుకుల జాబితాలో 9వ తరగతి, యూఎన్ 1845. పెట్టె మీద లేబుల్, బరువు, ఎయిర్ వే బిల్‌లో నమోదు లేకపోతే ఎక్కించరు.

11. అవతల దిగాక

పార్టీకి ముందే చెప్పి ఉంచండి: డెలివరీ తీసుకునేటప్పుడు పెట్టెలు తడిసినా, కుంగినా ఆ మాట రసీదు మీద రాసి సంతకం చెయ్యాలి, ఫొటోలు తియ్యాలి, లాగర్ రీడింగ్ పంపాలి. రసీదు మీద ఏమీ రాయకుండా తీసుకుంటే సరుకు బాగానే అందినట్టు లెక్క.

విమాన రవాణాపై అంతర్జాతీయ ఒప్పందమైన మాంట్రియల్ కన్వెన్షన్ ప్రకారం సరుకు దెబ్బతింటే అందిన 14 రోజుల్లోపు, ఆలస్యమైతే 21 రోజుల్లోపు ఎయిర్‌లైన్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు వెళ్లాలి. ఫోన్ కాల్ చెల్లదు. ఎయిర్‌లైన్ బాధ్యతకు పరిమితి కిలోకు 26 ఎస్‌డీఆర్. 2024 డిసెంబరు 28కి ముందు అది 22 ఉండేది. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కల యూనిట్. నిమ్మకాయ కిలో ధరకు ఈ పరిమితి సరిపోతుంది. చిక్కల్లా తప్పు ఎయిర్‌లైన్ దగ్గర ఉన్నప్పుడే జరిగిందని చూపించడంలో ఉంది. కాయ స్వభావం వల్లో, మన ప్యాకింగ్ వల్లో చెడిందని వాళ్లు నిరూపిస్తే పైసా రాదు. లాగర్ ఖర్చు వెనక్కి వచ్చేది ఇక్కడే. ఏ గంటకు ఎన్ని డిగ్రీలు ఉందో గీత చూపిస్తుంది, ఆ గంటకు సరుకు ఎవరి చేతిలో ఉందో ఎయిర్ వే బిల్ ట్రాకింగ్ చూపిస్తుంది.

ఇన్సూరెన్స్ తీసుకుంటే పాలసీ కాగితంలో ఆలస్యం గురించిన లైను వెతకండి. మామూలు ఎయిర్ కార్గో పాలసీల్లో ఆలస్యం వల్ల చెడిపోతే డబ్బు రాదు. పచ్చి సరుకుకు ఎక్కువగా జరిగే నష్టం అదే కాబట్టి, దాన్ని కవర్ చేసే అదనపు క్లాజు ఉందా, ప్రీమియం ఎంత అని బుకింగ్‌కు ముందే ఏజెంటును అడిగి, జవాబు ఈమెయిల్లో తెప్పించుకోండి.